నందిని పేరు ఎదుటి గడి

బోడిగుట్టపల్లి ప్రాథమిక పాఠశాలకు కుళ్లాయప్ప సారు ఒక్కడే ఉపాధ్యాయుడు. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ కలిపితే పందొమ్మిది మంది పిల్లలు. గదులు రెండున్నా, వాన పడితే కారుతుందని ఒకటి మూసేశారు. సరైన వాన పడి మూడేళ్లయింది. ఆ గది మాత్రం ఇంకా తెరవలేదు.

సారుది కళ్యాణదుర్గం దగ్గరి గొర్రెలు కాసే ఇల్లు. రోజూ బండి మీద కంబదూరు దాటి, ఎండిన వేరుశెనగ చేల మధ్య నుంచి వస్తాడు. అతని పేరు వింటే ఈ జిల్లా వాళ్లకు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. తల్లికి ఇద్దరు బిడ్డలు పుట్టి పోయాక, తాత పీర్ల పండక్కి గూగూడుకు కాలినడకన పోయి అక్కడి పీరు కుళ్లాయిస్వామికి మొక్కుకున్నాడు. మూడో బిడ్డ బతికాడు. పీరు దయతో బతికిన బోయ పిల్లవాడికి పీరు పేరే పెట్టారు. అందులో వింత ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

వింత ఉందని బయటివాళ్లు నేర్పారు. హాస్టల్లో కొత్తగా వచ్చిన వార్డెన్ హాజరు పిలుస్తూ, సాయిబువా అని అడిగాడు. గుంటూరులో టీచరు ట్రైనింగు చదివేటప్పుడు అద్దె గది యజమాని కూడా అదే అడిగాడు. కాదని, తాత మొక్కు సంగతి మొత్తం చెప్పుకుంటే, అంతా విని, ఎందుకైనా మంచిది గదిలో మాంసం వండొద్దన్నాడు. ఇరవై ఏళ్లుగా కుళ్లాయప్ప తన పేరుకు సంజాయిషీ చెప్పుకుంటూనే ఉన్నాడు. చెప్పీ చెప్పీ అతనికి ఒక కోరిక పుట్టింది. తన బడిలో పిల్లలు తమ ఇంటి సంగతి ఏ సంజాయిషీ లేకుండా చెప్పుకోవాలి. పక్కవాడు నవ్వకుండా వినాలి. ఇంతే కోరిక. పెద్దదేమీ కాదు.

ఆగస్టులో మండలంలో రెండు రోజుల శిక్షణ పెట్టారు. పిల్లలకు రకరకాల మతాలూ నమ్మకాలూ ఎలా పరిచయం చేయాలన్నది విషయం. మిగతా టీచర్లు సంతకం పెట్టి, ఉగ్గాని బజ్జీ తిని, ఫోన్లు చూసుకుని పోయారు. కుళ్లాయప్ప మాత్రం నోట్సు రాసుకున్నాడు. ఈ దేశంలో శిక్షణను నిజంగా నమ్మేవాడికే ఆపద వస్తుంది.

సోమవారం అతను ఒక పెద్ద చార్టు మీద స్కేలు పెట్టి గీతలు గీశాడు. పైన 'మా ఇల్లు - మా దేవుడు' అని రాశాడు. ఎడమ వైపు పిల్లల పేర్లు. కుడి వైపు ఒక్కొక్కరికి ఒక్క గడి. పిల్లలే వచ్చి స్కెచ్ పెన్నుతో తమ చేతి రాతతో నింపాలి. నింపి, ఆ దేవుని గురించి రెండు మాటలు చెప్పాలి.

అటువంటి రోజు ఆ బడిలో అంతకుముందు రాలేదు. ఒకటో తరగతి పిల్లకు ఆంజనేయుడి తోక గీయడం తప్ప రాయడం రాదు. తోకే గీసింది. ఐదో తరగతి సందీప్ 'లేడు' అని రాశాడు. వాళ్ల నాయన వేసిన బోర్లు వరసగా ఎండిపోయాక పటాలన్నీ తీసి అటక మీద పెట్టేశాడట, అదీ మన ఊళ్లో ఒక నమ్మకమేనని సారు పిల్లలకు చెప్పాడు. మూడో తరగతి నందిని లేచి వెళ్లి, నాలుక బయటపెట్టి, ఒత్తి ఒత్తి 'యేసయ్య' అని రాసింది. ఆదివారం కంబదూరు దారిలోని రేకుల షెడ్డుకు పోతామనీ, అక్కడ అందరూ కళ్లు మూసుకుంటారనీ, అమ్మ ఏడుస్తుందనీ చెప్పింది. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వబోతే సందీపే వాడి మోకాలి మీద తట్టాడు.

"ఏడ్చినంక అమ్మ బాగుంటాది సార్," అంది నందిని.

కుళ్లాయప్ప చార్టును గోడకు అంటించి, దాని పక్కన పిల్లల్ని నిలబెట్టి ఫోటో తీశాడు. మండలం టీచర్ల గ్రూపులో పెట్టాడు. విద్యాధికారి చప్పట్ల బొమ్మలు పెట్టి, ఫోటోను ఇంకా నాలుగు గ్రూపులకు పంపాడు. పదమూడేళ్ల ఉద్యోగంలో కుళ్లాయప్పకు చప్పట్లు పడడం అదే మొదటిసారి. మూడు రోజులు ఆ సంతోషంతోనే బండి నడిపాడు.

గురువారం మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక బయమ్మ వచ్చింది. నందిని తల్లి. దానిమ్మ తోటలో కూలికి పోయే మనిషి. తలకు చుట్టుకున్న గుడ్డ కూడా విప్పలేదు. చెప్పులు బయట వదిలి, నేరుగా గోడ దగ్గరికి పోయి నిలబడింది. ఆమెకు చదువు రాదు.

"దీంట్లో మా నందిని పేరు యాడుండాది సార్?"

సారు సంబరంగా వేలు పెట్టి చూపించాడు. పక్కనున్న గడిలోని మాటను చదివి వినిపించాడు. అక్షరాలు ఎంత గుండ్రంగా ఉన్నాయో చూడమన్నాడు. బయమ్మ బొటనవేలు నోట్లో తడుపుకుని ఆ మాట మీద రుద్దింది. ఒకసారి, రెండుసార్లు. స్కెచ్ పెన్ను రంగు కొంచెం పాకింది కానీ మాట పోలేదు.

"ఏం చేస్తాండావమ్మా?" అన్నాడు సారు.

ఆమె తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని చెప్పింది. పెద్ద కూతురు మల్లీశ్వరికి కర్నూలులో నర్సింగు సీటు వచ్చింది. కాలనీ నుంచి ఇంటర్ దాటిన మొదటి ఆడపిల్ల. ఎస్సీ కోటాలో వచ్చిన సీటు. వీళ్లు కాగితాల మీద ఎస్సీలు, మొక్కడం మాత్రం చర్చిలో, కాబట్టి సర్టిఫికెట్టు చెల్లదని ఎవరో తాసిల్దారుకు అర్జీ పెట్టారు. అర్జీ పెట్టినవాళ్ల దగ్గర మొన్నటిదాకా నోటి మాట తప్ప రుజువు లేదు. ఇప్పుడు ఫోటో ఉంది. బడి గోడ, గవర్నమెంటు సారు గీసిన గీతలు, బిడ్డ సొంత చేతి రాత. శనివారం వీఆర్వో చిన్నప్ప విచారణకు వస్తున్నాడు.

ఎస్సీ మనిషి చర్చికి పోతే ఆ కాగితం పోతుందని కుళ్లాయప్పకు తెలియక కాదు. ప్రతి టీచరుకూ తెలుసు. గుంటూరు గది యజమాని ముందు తాను నిలబడ్డ రోజు గుర్తున్నవాడికి ఇది గుర్తు రాకపోవడమే అతని నేరం. కాలనీలో పుట్టినవాడికి మాల, మాదిగ అన్న మాటలు చర్చి గుమ్మం దాటగానే ఊడిపోవు. టీ కొట్టులో అవి ఊడవు, పెళ్లిలో ఊడవు, పొలం గట్టు మీద ఊడవు. ఒక్క ఆఫీసు కాగితం మీదే ఊడతాయి. ఆ సంగతి తెలిసీ అతను గీతలు గీశాడు.

"నువ్వు మంచోడివే సార్. నా బిడ్డ రాసిందీ నిజమే. ఇంట్లో ఉండేదాన్ని గోడ మీదికి ఎందుకు తెచ్చినావు?"

ఆమె కోపంగా అనలేదు. అందుకే అతను తలెత్తలేకపోయాడు.

ఆమె పోగానే ఫోను తీసి గ్రూపులో ఫోటో తుడిచేయబోయాడు. తన ఫోన్లోనే పోయింది. అందరి ఫోన్లలోంచి తీసే గడువు దాటిపోయింది. విద్యాధికారికి ఫోను చేసి, వేరే గ్రూపుల్లోనైనా తీసేయించమని అడిగాడు. ఎందుకని ఆయన అడిగితే చెప్పలేక, ఏదో అక్షర దోషముందన్నాడు. ఆయన నవ్వి, దోషాలు ఎవరు చూస్తారప్పా, బాగుండాది వదిలెయ్ అన్నాడు.

ఆ సాయంత్రం పిల్లలు పోయాక చార్టు తీసి బల్ల మీద పరిచాడు. డ్రాయరులోంచి తెల్ల సిరా సీసా తీశాడు. ఆ మాట మీద పూసి 'ఆంజనేయస్వామి' అని రాస్తే పోతుంది. ఫోటోలో రాత సరిగ్గా కనబడదని వాదించవచ్చు. మూత తీసి, కుంచె అక్షరం దాకా తెచ్చాడు. 'యే' అక్షరం రాయడానికి ఆ పిల్ల జూన్ నెలంతా కష్టపడింది. పలక నిండా రాయించి, చెయ్యి పట్టి దిద్దించినవాడు తనే. కుంచె చివర చుక్క ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నాడు. తర్వాత మూత పెట్టేశాడు. అది ధైర్యమని అనుకోవద్దు. చేతులు రాలేదు, అంతే.

శుక్రవారం పొద్దున ఆంజినమ్మ పొయ్యి మీద అన్నం ఎసరు పెడుతుంటే వంటగది గుమ్మంలో కూలబడ్డాడు. ఆంజినమ్మ బడికి వంట చేసే మనిషి. ఊళ్లో ఎవరింట్లో ఏ కూర ఉడికిందో, ఎవరికి ఎవరితో మాటల్లేవో ఆమెకు తెలుసు. చార్టు వల్ల బయమ్మకు వచ్చిన ఆపద సంగతి నిన్ననే తెలిసింది. ఇంక ఊరుకోలేక తిట్టింది.

"ఒక్క గడి పెడితే ఎట్ల సార్? ఈ ఊర్లో ఒక్క దేవునితో ఎవరికి జరుగుతాది?"

తర్వాత గరిటెతో లెక్క చెప్పింది. శనివారం ఆంజనేయుడికి టెంకాయ. పీర్ల పండక్కి చక్కెర చదివింపులు, గుండం చుట్టూ ఆడడం. పిల్లలకు అమ్మవారు పోస్తే సుంకులమ్మకు అంబలి. తనకు మోకాళ్లు పట్టేసినప్పుడు రేకుల షెడ్డు పాస్టరు ప్రార్థన చేసిచ్చిన నూనె రాసుకుంది, తగ్గింది కూడా. బయమ్మ ఆదివారం షెడ్డుకు పోతుంది, నిజమే. పోయిన పీర్ల పండక్కి కూతురి సీటు కోసం ఆ బయమ్మే పీరు ముందు చక్కెర పంచింది. సుంకులమ్మ జాతరలో వాళ్లాయన పలక డప్పు కొట్టకపోతే జాతర లేవదు.

"నీ పేరే చూసుకోరాదా సార్. నువ్వు ఏ గడిలో కూసుంటావు?"

కుళ్లాయప్ప అక్కడి నుంచి లేచిన తీరు చూసి ఆంజినమ్మ భయపడింది, మరీ ఎక్కువ అన్నానేమో అని. అతను గదిలోకి పోయి నాలుగు చార్టులు పక్కపక్కన అంటించాడు. ఈసారి గీతలు గీయలేదు. పేర్లు మాత్రం రాశాడు. ఇంట్లో ఎవరైనా, ఎప్పుడైనా, దేనికైనా చేతులు జోడిస్తే రాయండి, ఎన్నైనా రాయండి, ఎవరికీ జోడించకపోతే అదీ రాయండి అన్నాడు. తన పేరు కూడా చివర రాసుకుని, గూగూడు స్వామిని, తాత గొర్రెల దొడ్డిలో మొక్కిన రాయిని రాశాడు.

పిల్లలు గోడ మీద పడ్డారు. పీర్లు వచ్చారు, సుంకులమ్మ వచ్చింది, ఆయుధ పూజ నాటి ట్రాక్టరు వచ్చింది, బోరు వేసే ముందు టెంకాయ కొట్టిన చోటు వచ్చింది. ఒకడు చచ్చిపోయిన అవ్వను రాశాడు. సందీప్ చాలాసేపు ఆలోచించి, 'నాయనకు ఎవరూ లేరు, అమ్మకు అందరూ' అని రాశాడు. ఊరు మొత్తం, ఉన్నది ఉన్నట్టు, గోడ మీదికి వచ్చేసింది.

నందిని మాత్రం కదల్లేదు. పెన్ను మూత తీయకుండా పట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. సారు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మా అమ్మ ఏమీ రాయొద్దనింది సార్."

సరేనన్నాడు. పీర్ల పేరైనా రాయమందామని నాలుక దాకా వచ్చింది. అప్పుడు బొమ్మ పూర్తవుతుంది, రేపటికి గట్టి రుజువవుతుంది. కానీ ఆ మాట అంటే తనకూ అర్జీ పెట్టినవాడికీ తేడా ఉండదనిపించింది. లేచి వచ్చేశాడు. గోడ మీద అందరి పేర్ల ఎదుటా కిక్కిరిసిన అక్షరాలు. నందిని పేరు ఎదుట తెల్ల కాగితం.

ఆ తెల్ల కాగితమే అతన్ని భయపెట్టింది. ఇంటికి పోయే దారంతా అదే కనబడింది. రాసి ఉన్నదానికి జవాబు చెప్పవచ్చు. ఖాళీకి ఏం చెబుతాడు? తీరా ఆ చార్టులు కూడా పీకేస్తే, పాతదీ కొత్తదీ రెండూ దాచినవాడవుతాడు. నర్సింగు కాలేజీలో చేరాల్సిన గడువు వచ్చే బుధవారం.

శనివారం పదకొండుకు చిన్నప్ప వచ్చాడు. చెడ్డవాడు కాదు. పై నుంచి కాగితం వస్తే కింద సంతకం పెట్టి పైకి పంపే మనిషి. అటువంటి వాళ్ల సంతకాల కిందే ఎక్కువ మంది నలిగిపోతారు. కాలనీలో ఇంటింటికీ పోయి విచారించి వచ్చానన్నాడు. బయమ్మ ఇంట్లో శిలువ లేదు, పటమూ లేదు, గోడకు మేకులు మాత్రం ఉన్నాయన్నాడు. నీళ్లు తాగి, ఫోన్ తీసి ఫోటో చూపించి, ఈ చార్టు ఏదన్నాడు.

కుళ్లాయప్ప దాచలేదు. బీరువాలోంచి తీసి ఇచ్చాడు. చిన్నప్ప ఫోటోతో పోల్చి చూసుకున్నాడు. తర్వాత గోడ మీది కొత్త చార్టుల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. తన చెల్లెలి కొడుకు పేరు దగ్గర ఆగి, వాడు రాసిన వరస చదివి నవ్వాడు. నవ్వుతూనే నందిని పేరు దగ్గరికి వచ్చాడు. అక్కడ నవ్వు ఆగింది.

"ఇది ఖాళీగా ఉండాదేం సార్?"

సారు జవాబు వెతుక్కునేలోగా చిన్నప్ప వెనక్కి తిరిగి ఆ పిల్లనే పిలిచాడు. నందిని లేచి నిలబడింది. గదిలో పద్దెనిమిది మంది పిల్లలు పలకల మీద చేతులు ఆపేశారు. వంటగది గుమ్మంలో ఆంజినమ్మ తడి చేతులతో నిలబడింది. మీ ఇంట్లో ఎవరికి మొక్కుతారమ్మా అని చిన్నప్ప మెత్తగానే అడిగాడు. పిల్ల పెదవులు కదిలాయి. అబద్ధం చెప్పాలో నిజం చెప్పాలో తొమ్మిదేళ్ల పిల్ల ఆలోచిస్తోంది. ఏది చెప్పినా జీవితమంతా గుర్తుంటుంది. కుళ్లాయప్పకు అది కళ్లకు కట్టింది.

అతను వచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"అన్నా, పిల్లను అడగొద్దు. నన్ను అడుగు."

"నిన్నేం అడగాల సార్?"

"తప్పు నాది. ఊర్లో ఒక్కో ఇంటికీ పదుంటే, ఒక్కటే రాయమని గడి పెట్టినా. ఆ పొద్దు పిల్ల నోటికి వచ్చిన ఒక్కటి రాసింది. నీ మేనల్లుడు చూడు, ఆ పొద్దు ఆంజనేయుడు అన్నాడు. ఈ పొద్దు ఆరు రాసినాడు. వాడు మారినాడా, నేను అడిగింది మారిందా?"

చిన్నప్ప చొక్కా చేతి కింద నల్లతాడు కట్టిన తాయెత్తు ఉంది. పెనుకొండ బాబయ్య దర్గాలో కట్టించుకున్నది. దాన్ని కిందికీ పైకీ జరుపుకున్నాడు. ఇదంతా కాగితం మీద రాసిస్తావా సార్ అన్నాడు చివరికి. రాసిస్తే నీ పై ఆఫీసరు కూడా చదువుతాడు, పిల్లల చేత దేవుళ్ల పేర్లు రాయించడం ఎందుకని అడుగుతాడు అని కూడా చెప్పాడు.

కుళ్లాయప్ప రాసిచ్చాడు. తానే గీతలు గీశానని, ఒక్క పేరే రాయమన్నది తానేనని, ఆ చార్టు ఏ ఇంటి మతానికీ రుజువు కాదని, పీర్ల పండుగలోనూ సుంకులమ్మ జాతరలోనూ ఊరితో పాటు ఆ కుటుంబమూ ఉంటుందని ఊరివాళ్లు చెప్పారని రాశాడు. చర్చి సంగతి రాయలేదు. చిన్నప్ప అడగలేదు. పాత చార్టును గొట్టంలా చుట్టి సంకలో పెట్టుకుని, బండెక్కుతూ ఒక మాటన్నాడు. కాలనీలో అడిగిన ప్రతి ఇంట్లోనూ ఇదే చెప్పినారు సార్, నీ కాగితం ఒక్కటే తక్కువై ఉండె, అంతే.

సర్టిఫికెట్టు నిలిచింది. బుధవారం మల్లీశ్వరి ట్రంకు పెట్టెతో కర్నూలు బస్సెక్కింది. ఆ తర్వాతి సోమవారం కుళ్లాయప్పకు మెమో వచ్చింది. పైవాళ్ల అనుమతి లేకుండా బడి గోడల మీద మత సంబంధమైన రాతలు రాయించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. చప్పట్ల బొమ్మలు పెట్టిన చేతే సంతకం చేసింది. గోడ మీది చార్టులన్నీ తీసేసి, గోడ ఫోటో తీసి పంపమన్నారు.

అతను పిల్లల సాయంతో చార్టులు ఊడదీస్తున్నాడు. గోధుమ పిండి జిగురు గట్టిగా పట్టుకుని, సున్నం పెచ్చులతో సహా వస్తున్నాయి. తన పేరున్న మూల దగ్గర నందిని నిలబడింది. ఆ ఒక్క వరసలో మాత్రం కాగితం తెల్లగా ఉంది. పిల్ల చేతిలో స్కెచ్ పెన్ను ఉంది, మూత తీసి ఉంది.

"అక్క కాలేజీలో చేరింది సార్. ఇప్పుడు రాయొచ్చా?"

ఎట్లాగూ చింపేసే కాగితమే. ఎవరూ చూడరు. కుళ్లాయప్ప ఊ అనబోయాడు. నాలుగేళ్ల చదువు ఉంది. తర్వాత ఉద్యోగం. ఉద్యోగానికి మళ్లీ అదే సర్టిఫికెట్టు, మళ్లీ విచారణ, మళ్లీ ఎవరి చేతిలోనో ఫోను. ఈ పిల్లకూ రేపు ఒక సీటు రావాలి.

"ఇప్పుడే వద్దులే నందినీ," అన్నాడు.

"ఎప్పుడు సార్?"

ఏదైనా అడగమని, తెలియకపోతే మళ్లీ అడగమని రోజూ పిల్లలకు చెప్పేవాడు అతను. గోడకు తిరిగి, గోరుతో జిగురు గీకసాగాడు. పిల్ల కొంచెంసేపు చూసింది. తర్వాత పెన్నుకు మూత పెట్టి, తన చోటికి పోయి కూర్చుంది.